పొలం కింద గ్యాస్ పైపు వస్తోందంటే ఏం అడగాలి?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల సమాధానాలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా కొబ్బరి తోటలో సర్వే వాళ్లు ఎర్ర రంగు పూసిన కర్రలు పాతి వెళ్లారు. కొత్త గ్యాస్ పైపులైను అన్నారు. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు కదా, మాట్లాడేదేదో అక్కడే మాట్లాడదామని ఊళ్లో అందరూ ఊరుకున్నారు. ఆ సభ ఎప్పుడు పెడతారు?

ఆ సభ అసలు జరగకపోవచ్చు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, మాట్లాడటానికి నిజంగా వీలున్న రోజులు కాస్తా గడిచిపోతాయి.

పర్యావరణ అనుమతి ఏ ప్రాజెక్టుకు కావాలో 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చెబుతుంది. దాని జాబితాలో పైపులైన్లది 6(ఎ) అంశం. జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా పోయే చమురు, గ్యాస్ పైపులైన్లకే అక్కడ ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. వరి చేలు, కొబ్బరి తోటలు, రోడ్డు పక్క పోరంబోకుల మీదుగా పోయే పైపు ఎన్ని వందల కిలోమీటర్లున్నా ఆ గీత లోపలికి రాదు. ఈఐఏ పరిధిలోకి రాకపోతే చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. కొన్ని కంపెనీలు తమంతట తామే ప్రభావ అంచనా నివేదిక రాయించుకుంటాయి. రుణమిచ్చే సంస్థలో, నియంత్రణ బోర్డో అడుగుతాయి కాబట్టి రాయిస్తాయి. ఆ నివేదికను ఊరికి చూపించాలన్న నిబంధన మాత్రం లేదు.

ఇంత జనం మధ్య నుంచి పోయే పైపుకు ఊరి మాట వినే ఏర్పాటు లేకపోవడం పెద్ద లోపమని మా అభిప్రాయం. ఆ లోపం సరిదిద్దే వరకు ఉన్న దారులనే గట్టిగా వాడుకోవాలి.

మొదట చూడాల్సింది, మీ లైను కోనసీమలో ఎక్కడెక్కడ ఏరు దాటుతుందో. వైనతేయ, వశిష్ఠ, గౌతమి పాయల్లో సముద్రపు పోటు చాలా లోపలి దాకా వస్తుంది. పోటు తగిలే నీటి గట్ల వెంట కూడా సముద్రతీర నియంత్రణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. లైను వాటిలో పడితే రాష్ట్ర తీర ప్రాంత నిర్వహణ అథారిటీ ముందుకు దరఖాస్తు వెళ్లాల్సిందే. దారిలో రిజర్వు అడవి ఒక్క గజమున్నా అటవీ అనుమతి కావాలి. ఈ రెండు దరఖాస్తులూ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి. జిల్లా పేరుతో వెతకండి. మ్యాపు, సర్వే నంబర్లు, నది దాటే పద్ధతి అన్నీ దరఖాస్తు వెంటే ఉంటాయి.

రెండోది భూమి చట్టం. దాని గురించి కింది ప్రశ్నలో వివరంగా చెప్పాం. ఇప్పుడు ఒక్క మాట. మీ పొలంలోకి దిగి సర్వే చేసే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చేది గెజిట్ ప్రకటన వచ్చాకే. కర్రలు పాతిన వాళ్లను ప్రకటన నంబరు, తేదీ అడిగి రాసుకోండి.

ప్రశ్న: పైపులైను భూసేకరణ నోటీసు వచ్చింది. 21 రోజుల్లో అభ్యంతరం చెప్పమన్నారు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే "భూమి మీదే, కింద పైపు మాత్రం పోతుంది, నష్టమేమీ లేదు" అన్నారు. అభ్యంతరం రాస్తే ఉపయోగం ఉంటుందా? ఎలా రాయాలి? (ఏలూరు జిల్లా)

ఉపయోగం ఉంటుంది, పనికొచ్చేలా రాస్తేనే. ఇది 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం. ఇందులో భూమి మీ దగ్గర్నుంచి పోదు. దాని కింద పైపు వేసే, తర్వాత దాన్ని చూసుకునే వినియోగ హక్కు మాత్రం ప్రభుత్వానికి, అక్కడి నుంచి కంపెనీకి వెళ్తుంది. సెక్షన్ 3(1) కింద ప్రకటన వస్తుంది. గెజిట్ నకళ్లు ప్రజలకు అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారికి) రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఆయన మిమ్మల్ని, లేదా మీ వకీలును పిలిచి విన్నాకే నివేదిక పంపాలి. ఆ తర్వాత సెక్షన్ 6 కింద ప్రకటన వచ్చిందంటే హక్కు వెళ్లిపోయినట్టే.

"నష్టమేమీ లేదు" అన్న మాట సరికాదు. సెక్షన్ 9 ప్రకారం పైపు పోయే నేల పట్టీలో ఇల్లుగాని, మరే కట్టడంగాని కట్టకూడదు. చెరువు, బావి తవ్వకూడదు. చెట్టు నాటకూడదు. పైపు సైజును బట్టి పట్టీ సాధారణంగా 15 నుంచి 30 మీటర్ల వెడల్పుంటుంది. వరి, అపరాలు వేసుకోవచ్చు. కొబ్బరి, మామిడి, పామాయిల్ వేయడం మాత్రం అక్కడితో ఆఖరు.

ఇక పరిహారం. పంటకు, చెట్లకు జరిగిన నష్టం ఒక పద్దు. వినియోగ హక్కుకు ప్రకటన తేదీనాటి మార్కెట్ విలువలో 10 శాతం మరో పద్దు. ఉదాహరణకు 20 మీటర్ల పట్టీ మీ చేలో 100 మీటర్లు పోతే దాదాపు 49 సెంట్లు. ఎకరం 40 లక్షలనుకుంటే ఆ 49 సెంట్ల విలువ సుమారు 19.8 లక్షలు, మీకొచ్చేది 1.98 లక్షలు. ఈ లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. అయితే చెట్ల లెక్క తేలాల్సింది యంత్రాలు దిగకముందే. ప్రతి చెట్టుకూ సున్నంతో నంబరు వేసి, వయసు, కాపు రాసి, ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫొటో తీసి ఉంచండి. పంచనామాలో "కొబ్బరి చెట్లు: 22" అని ఊరుకుంటే కాపుకొచ్చిన చెట్టుకూ మూడేళ్ల మొక్కకూ తేడా లేకుండా పోతుంది. ఖాళీలున్న ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

అభ్యంతరంలో "మాకు ఇష్టం లేదు" అని రాస్తే ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. చట్టమే కొన్ని చోట్ల పైపు వేయకూడదంది. సెక్షన్ 7 ప్రకారం ప్రకటనకు ముందు నివాసానికి వాడుతున్న స్థలం కింద, శాశ్వత కట్టడం ఉన్న నేల కింద, ఇంటికి ఆనుకుని ఇంటి వాడకంలో ఉన్న దొడ్డి కింద వేయకూడదు. ఎక్కడైనా మీటరుకు తక్కువ లోతులో వేయకూడదు. మీ సర్వే నంబరులో వీటిలో ఏదైనా వర్తిస్తే ఫొటో, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జతచేయండి.

అది వర్తించకపోతే దారి మార్చమని అడగండి, ఎటు మార్చాలో కూడా మీరే చెప్పండి. "సర్వే నంబరు ఫలానా మధ్యలోంచి కాకుండా దాని తూర్పు గట్టు వెంట ఉన్న మురుగు కాలువ పోరంబోకులోంచి వేస్తే ఇన్ని చెట్లు, ఈ బోరు మిగులుతాయి" అని ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు మీద గీసి ఇస్తే అథారిటీ దానికి జవాబు రాయక తప్పదు. పక్క నాలుగు కమతాల వాళ్లూ అదే గీత గీసి సంతకాలు పెడితే బలం ఇంకా పెరుగుతుంది. చేత్తో ఇచ్చి ముద్ర వేయించుకోండి, లేదా రిజిస్టరు పోస్టులో పంపి ఆ రసీదు దాచండి.

ప్రశ్న: డెల్టా నల్లరేగడి మట్టిలో పైపు వేస్తే తర్వాత చేను పాడవుతుందంటున్నారు. నిజమా? కాంట్రాక్టరును ఏం అడగాలి? (భీమవరం)

పని సరిగ్గా చేయకపోతే పాడవుతుంది. ముఖ్యంగా మూడు చోట్ల తేడా వస్తుంది.

మొదటిది పైమట్టి. పైనున్న జానెడు, మూరెడు మట్టిలోనే పంట బలమంతా ఉంటుంది. దాని కింద బూడిద రంగు జిగట మట్టి, సముద్రం దగ్గరైతే ఉప్పు మట్టి. ట్రెంచి తవ్వేటప్పుడు రెండూ ఒకే కుప్పగా పోస్తే, పూడ్చేటప్పుడు ఉప్పు మట్టి పైకొస్తుంది. ఆ పట్టీలో నాటు పచ్చబడక కొన్ని పంటలు పోతాయి. కనీసం 30 సెంటీమీటర్ల పైమట్టి వేరే వైపు కుప్ప పోసి, చివర్లో దాన్నే పైన పరుస్తామని రాతలో తీసుకోండి. పొక్లెయిన్ దిగే రోజు గట్టు మీద మనిషి ఉండాలి. కుప్పలు ఒకటా రెండా అన్నది ఆ పూటే తేలిపోతుంది.

రెండోది పూడిక. వదులుగా పూడిస్తే మొదటి వానకే ట్రెంచి వెంట కుంగి, నీరు నిలిచి, చేనుకు అడ్డంగా ఒక చాలులా పడుతుంది. కుంగుతుందని మరీ ఎత్తుగా పోస్తే కాలువ నీరు ఆ చెంప నుంచి ఈ చెంపకు దాటదు. డెల్టాలో వాలే తక్కువ కాబట్టి అరడుగు తేడా కూడా నీటిని ఆపేస్తుంది. పొరలు పొరలుగా తొక్కించి పూడ్చాలి. సార్వా వానలు గడిచాక కంపెనీ మళ్లీ వచ్చి సమం చేయాలి. దాళ్వా కోతకీ సార్వా నాటుకీ మధ్య ఎండలప్పుడే పని పెట్టుకోమనండి. నీళ్లున్న చేలో చేసిన పూడిక నిలవదు.

మూడోది చాలామందికి తట్టదు. గ్యాస్ పైపు నీటిలో తేలుతుంది. 18 అంగుళాల పైపు బయటి వ్యాసం 457 మిల్లీమీటర్లు. అది మీటరుకు 164 కిలోల నీటిని తోస్తుంది. 9.5 మిల్లీమీటర్ల గోడ ఉన్న ఉక్కు పైపు మీటరు బరువు సుమారు 105 కిలోలే. లోపలున్నది గ్యాసు కాబట్టి పెద్ద బరువు కలవదు. మీటరుకు దాదాపు 60 కిలోల బలంతో పైపు పైకి లేవాలని చూస్తుంది. ఊట నేలలో, ముంపు చేలల్లో కాంక్రీటు తొడుగు వేసో, కాంక్రీటు దిమ్మలు ఎక్కించో దాన్ని అణచి ఉంచాలి. లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పైనున్న మట్టి పలచబడి, రోటవేటరు పళ్లకు పైపు అందే లోతుకు రావచ్చు. మీ ముంపు చేలల్లో దిమ్మలు ఎక్కడెక్కడ వేస్తారో అలైన్‌మెంట్ షీటులో (లైను దారి పటంలో) చూపించమని అడగండి.

ప్రశ్న: ఆ పైపు పక్కనే రొయ్యల చెరువు తవ్వుకోవచ్చా?

పట్టీలో తవ్వకూడదు, చట్టమే వద్దంది. పట్టీ అంచున తవ్వినా ప్రమాదం ఉంది. చెరువు గట్టు కోసం మట్టి తీస్తే పైపు మీది మట్టి జారుతుంది. ఉప్పునీరు నేలలోకి ఇంకితే కరెంటు తేలిగ్గా పారుతుంది. పైపు పై పూతలో ఎక్కడ గీరుకున్నా అక్కడ తుప్పు వేగం పెరుగుతుంది. తుప్పు పట్టకుండా పైపుకు బయటి నుంచి కొద్దిపాటి విద్యుత్తు అందిస్తారు. రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో కొలిస్తే పైపు వోల్టేజి మైనస్ 0.85 వోల్టులు గాని, అంతకంటే మైనస్ వైపుగాని ఉండాలి. లైను వెంట దాదాపు కిలోమీటరుకొకటి కనిపించే చిన్న స్తంభాలు ఈ కొలత కోసం పెట్టినవే. వాటిని పీకి గట్టుకు ఊతంగా పాతుకోవడం కొన్ని ఊళ్లలో కనిపిస్తోంది. దయచేసి అలా చేయకండి. ఆ స్తంభం లేకపోతే మీ చేను కింద పైపు తుప్పు పడుతోందో లేదో తెలిసే దారి పోతుంది.

ప్రశ్న: నేను కాకినాడలో పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. అభయారణ్యం గుండాగాని, దాని పక్కనుంచిగాని పోయే పైపుకు ఈఐఏ ముసాయిదా వచ్చిందనుకుందాం. వందల పేజీలుంటాయి. ఎక్కడ మొదలుపెట్టి చదవాలి? సభలో ఏం చెప్పాలి?

మొదటి పేజీ నుంచి చదవకండి. ప్రత్యామ్నాయాల అధ్యాయం తీయండి. ప్రతిపాదించిన దారి కాకుండా ఇంకెన్ని దారులు చూశారు, వాటిని ఎందుకు వదిలేశారు? సాధారణంగా మూడు దారుల పట్టిక ఉంటుంది. మిగతా రెండూ కావాలనే చుట్టు తిప్పినట్టు, ఎవరూ ఒప్పుకోనట్టు ఉంటే ఆ పట్టిక పేరుకే ఉందన్నమాట. కోరింగ అభయారణ్యం మడ అడవులనో, కొల్లేరు ఐదో కాంటూరు లోపలి నేలనో తప్పించుకుని పోయే దారి ఖర్చు, పొడవు, దాటాల్సిన నదుల సంఖ్య అంకెల్లో ఇచ్చారా లేదా చూడండి. అంకెలు లేకపోతే మీ మొదటి ప్రశ్న అదే.

తర్వాత క్షేత్ర సమాచారం తీసుకున్న తేదీలు చూడండి. నిబంధన ప్రకారం వానాకాలం కాని ఒక సీజను సమాచారం చాలు. దాంతో చాలా నివేదికలు మార్చి నుంచి మే దాకా కొలిచి సరిపెడతాయి. అప్పటికి శీతాకాలపు వలస పక్షులు వెళ్లిపోయి ఉంటాయి. కోరింగలో బావురుపిల్లి, నీటికుక్క రాత్రుళ్లు తిరుగుతాయి. పగటిపూట రెండు రోజులు నడిచి రాసిన జాబితాలో అవి లేవంటే, అక్కడ లేవని అర్థం కాదు. కెమెరాలు ఎన్ని పెట్టారు, ఎన్ని రాత్రులు పెట్టారు అని అడగండి. జాబితాలో ఈ తీరంలో పెరగని చెట్టు పేరు ఒక్కటి దొరికినా, వేరే ప్రాజెక్టు నివేదిక నుంచి ఎత్తి అతికించారేమోనని మిగతా జాబితానంతా అనుమానంతో చదవండి. నివేదిక రాసిన సలహా సంస్థ పేరు, దానికి నాబెట్ (సలహా సంస్థలకు గుర్తింపునిచ్చే బోర్డు) ఇచ్చిన గుర్తింపు, ఏ అధ్యాయం ఎవరు రాశారన్నది చివర్లో తప్పక ఉండాలి.

మూడోది నీటి లెక్క. పైపు వేశాక నీటితో నింపి, పనిచేసే ఒత్తిడికి కనీసం 1.25 రెట్లతో 24 గంటలు పరీక్షిస్తారు. 24 అంగుళాల పైపు కిలోమీటరుకు దాదాపు 270 కిలోలీటర్లు పడతాయి. 30 కిలోమీటర్ల ముక్క ఒకేసారి పరీక్షిస్తే 80 లక్షల లీటర్లు దాటుతుంది. ఆ నీరు ఏ కాలువ నుంచి, ఏ నెలలో తీస్తారు? తుప్పు పట్టకుండా అందులో కలిపే రసాయనాలేమిటి? పరీక్షయ్యాక ఎక్కడ వదులుతారు? ఏప్రిల్లో కాలువలు కట్టేసినప్పుడు తీస్తే ఊరి తాగునీటి చెరువుకే గండి. "స్థానిక వనరుల నుంచి" అన్న రెండు మాటలతో వదిలేస్తే ఒప్పుకోవద్దు.

నాలుగోది ఏరు దాటే పద్ధతి. పెద్ద పాయల కింద ఒక గట్టు నుంచి మరో గట్టుకు వంపుగా సొరంగంలా డ్రిల్లు చేసి పైపు లాగుతారు. ఏటి అడుగు తవ్వనక్కర్లేదు కాబట్టి తెరిచి తవ్వడం కంటే ఇదే మేలు. అయితే డ్రిల్లు దారి నిలవడానికి బెంటోనైట్ అనే బంకమట్టి బురదను ఒత్తిడితో పంపుతారు. మెత్తటి ఇసుక, ఒండ్రు ఉన్న చోట ఆ బురద పగుళ్లు వెతుక్కుని ఏటిలోకో, పక్క చేలోకో ఉబుకుతుంది. దాంట్లో పెద్ద విషమేమీ ఉండదుగానీ, అడుగున పొరలా పరుచుకుని రొయ్య పిల్లలు, ఆల్చిప్పలు ఊపిరాడక చస్తాయి. రెండు గట్ల మీదా, మధ్యలోనూ ఎన్ని బోర్లు వేసి మట్టి చూశారు, వరదల్లో ఏటి అడుగు ఎంత లోతుకు కోసుకుపోతుందని లెక్కేశారు, పైపు దానికి ఎన్ని మీటర్ల కిందుంటుంది, బురద ఉబికితే పని ఆపేదెవరు, పంపులు, ఇసుక బస్తాలు ఎక్కడ సిద్ధంగా ఉంటాయి: ఈ ఐదు అడిగితే ఆ అధ్యాయం బలమెంతో తెలిసిపోతుంది.

ఇక సభ. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ, ఒక స్థానిక దినపత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్, పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల ఉండాలి. సారాంశం తెలుగులో ఉండాలి. లైను మూడు జిల్లాలు దాటితే మూడు జిల్లాల్లోనూ సభ జరగాలి. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. సభకు కోరం లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే లెక్క. మొత్తం వీడియో తీయాలి. ముగింపులో కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చిన అభ్యంతరాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, మినిట్స్ మీద అదే రోజు సంతకం కావాలి. మాట్లాడి వెంటనే ఇంటికి వెళ్లకండి. ఆ చదివే దాకా ఉండి, మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే లేచి చేర్చమనండి. దాన్నే రాతలోనూ ఇవ్వండి. ఢిల్లీలో నిపుణుల కమిటీ చూసేది కాగితాన్నే.

అనుమతి వచ్చాక దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. అనుమతే అక్కర్లేని పైపు మీద పర్యావరణ వివాదం వస్తే వేరే సెక్షన్ కింద, కారణం తలెత్తిన ఆరు నెలల్లో వెళ్లొచ్చు; నష్టపరిహారం కోసమైతే ఐదేళ్ల గడువుంది.

ప్రశ్న: పర్యావరణ సమీక్ష సరిగ్గా జరిగి ఉంటే నగరం గ్రామంలో పైపు ప్రమాదం తప్పేదా? (అమలాపురం)

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే గెయిల్ 18 అంగుళాల పైపు పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి.

ఆ పైపు పొడి గ్యాసు కోసం వేసినది. దాంట్లో తడి గ్యాసు పారింది. గ్యాసులోని కార్బన్ డయాక్సైడు నీటితో కలిస్తే ఆమ్లమవుతుంది. పైపు పల్లంగా ఉన్న చోట్ల ఆ నీరు అడుగున నిలుస్తుంది. అక్కడ ఉక్కు లోపలి నుంచి పలచబడుతుంది. బయట పూత చెక్కుచెదరకుండా ఉన్నా, లోపల గోడ కాగితమైపోతుంది. మామూలు ఈఐఏలో గాలి, నీరు, చెట్ల గురించి ఉంటుందిగానీ ఇది ఉండదు. అందుకే నగరం తర్వాత ఏ పైపు సమీక్షలోనైనా అదనంగా అడగాల్సినవి ఉన్నాయని గట్టిగా చెబుతున్నాం.

గ్యాసులో తేమ ఎంత, దాన్ని తీసే యూనిట్ ఎక్కడ, అది ఆగిన రోజు గ్యాసు ఆపుతారా, పంపుతూనే ఉంటారా? పైపు లోపల నీటిని, మడ్డిని తోసే పరికరం (పిగ్) పంపడానికి రెండు చివర్లా ఏర్పాటుందా? గోడ మందం కొలిచే పరికరాన్ని ఎన్నేళ్లకోసారి పంపుతారు, ఆ ఫలితం జిల్లా యంత్రాంగానికి ఇస్తారా? చిన్న లీకు వస్తే క్లాంపు బిగించి వదిలేస్తారా, ముక్క మారుస్తారా? ఒకే లైనులో మళ్లీ మళ్లీ క్లాంపులు పడుతుంటే ఆ గోడ మొత్తం అరిగిపోతోందని గుర్తు.

ఇంకొకటి, ఇళ్ల లెక్క. లైనుకు రెండువైపులా 200 మీటర్లు, పొడవు 1.6 కిలోమీటర్లు తీసుకుని అందులో ఇళ్లు లెక్కపెడతారు. 10 దాకా ఉంటే ఒకటో తరగతి, 11 నుంచి 45 అయితే రెండు, 46, ఆపైన అయితే మూడు, బహుళ అంతస్తుల భవనాలు ఎక్కువుంటే నాలుగు. తరగతి పెరిగేకొద్దీ గోడ మందం పెరగాలి, మూసే వాల్వుల మధ్య దూరం 32, 24, 16, 8 కిలోమీటర్లకు తగ్గాలి. ఒక లెక్క చూడండి. 18 అంగుళాల పైపు, ఎక్స్60 రకం ఉక్కు, 92 బార్ ఒత్తిడి. ఒకటో తరగతిలో 7.1 మిల్లీమీటర్ల గోడ చాలు. మూడో తరగతిలో 10.2, నాలుగులో 12.7 కావాలి. అదే పైపు ఆ ఒత్తిడిలో పగిలి అంటుకుంటే ప్రాణాపాయం ఉండే దూరం సుమారు 138 మీటర్లని వాడుకలో ఉన్న సూత్రం చెబుతుంది. 49 బార్ అయితే 100 మీటర్లు.

కోనసీమలో ఇళ్లు కాలువ గట్టు పొడవునా, తోటల మధ్య విడివిడిగా ఉంటాయి. పాత టోపోషీటు చూసి గీస్తే అక్కడంతా పచ్చగానే కనిపిస్తుంది. మీరే ఒక ఆదివారం ఇద్దరు కుర్రాళ్లతో నడిచి ఇళ్లు, బడులు, గుళ్లు, చర్చిలు లెక్కపెట్టి పటం మీద చుక్కలు పెట్టండి. రిపోర్టులో రెండో తరగతి అని ఉండి, మీ చుక్కలు 46గాని, అంతకు మించిగాని ఉంటే, అంతకంటే బలమైన అభ్యంతరం ఇంకోటి దొరకదు.

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో మా ఊరి పక్క పైపు పడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని దగ్గర ప్లాట్లు వేస్తున్నారు. ఇబ్బందేమైనా ఉంటుందా?

ఉంటుంది. పట్టీ మీద కట్టకూడదు. పట్టీ బయట కట్టినా ఇళ్ల సంఖ్యతో పై జవాబులో చెప్పిన తరగతి మారుతుంది. అప్పుడు కంపెనీ పైపులో ఒత్తిడి తగ్గించాలి, లేదా మందం పైపు వేయాలి. లేఅవుటు అనుమతిచ్చే ముందు పంచాయతీ పైపు కంపెనీకి లేఖ రాయడం అలవాటు చేసుకోవాలి. ప్లాటు కొనేవాళ్లు పహాణీ ఒక్కటే చూస్తే పైపు సంగతి తెలియకపోవచ్చు. గెజిట్‌లో సర్వే నంబరు ఉందేమో చూడండి, పొలంలో పసుపు గుర్తు రాళ్లు ఏ గీతలో ఉన్నాయో నడిచి చూడండి.

ప్రశ్న: మేం అమెరికాలో వర్జీనియాలో ఉంటాం. మా స్థలం దగ్గర నుంచి అంతర్రాష్ట్ర గ్యాస్ పైపు ప్రతిపాదన ఉంది. ఆన్‌లైన్‌లో కామెంటు పెట్టాం. అది చాలా?

చాలదు. అక్కడ అంతర్రాష్ట్ర గ్యాస్ లైనుకు ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అంటే ఫెర్క్, సర్టిఫికెట్ ఇస్తుంది. నీపా (జాతీయ పర్యావరణ విధాన చట్టం) కింద పర్యావరణ సమీక్ష కూడా అదే చేస్తుంది. ఇక్కడిలా అభయారణ్యం తగిలితేనే సమీక్ష అన్న గీత అక్కడ లేదు. కామెంటు పెట్టిన వాళ్ల మాట రికార్డులో చేరుతుంది, అంతవరకే. ఇంటర్వీనర్‌గా, అంటే విచారణలో అధికారిక పక్షంగా చేరిన వాళ్లకే, సర్టిఫికెట్ ఇచ్చాక 30 రోజుల్లో పునర్విచారణ అడిగి, ఆపైన కోర్టుకు వెళ్లే హక్కు ఉంటుంది. డాకెట్ (ఫెర్క్ కేసు) నంబరుతో నోటీసులో ఇచ్చిన గడువు లోపల ఈ-ఫైలింగ్‌లో చేరండి. సర్టిఫికెట్ వచ్చిందంటే కంపెనీకి మీ భూమిలో హక్కు బలవంతంగా తీసుకునే అధికారం కూడా వస్తుంది. కంపెనీ ఏజెంటు ముందే తెచ్చే ఒప్పందం మీద వకీలు చూడకుండా సంతకం పెట్టకండి.

మీ రాష్ట్రం గుండానే పోయే మౌంటెన్ వ్యాలీ లైను చూడండి. 303 మైళ్లు, 42 అంగుళాలు. 2017లో సర్టిఫికెట్, 2024 జూన్‌లో గ్యాసు. మధ్యలో నిటారు కొండవాలుల్లో మట్టి కొట్టుకుపోయి వాగుల్లో పడటం, అడవి, వాగుల అనుమతులను కోర్టులు కొట్టేయడం, చివరకు 2023లో కాంగ్రెస్ చట్టం చేసి పూర్తి చేయించడం అన్నీ జరిగాయి. 2025 మేలో సుప్రీంకోర్టు నీపా సమీక్ష ఎంత దూరం వెళ్లాలన్న విషయంలో ఏజెన్సీలకే ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. అందుకే వాతావరణ మార్పు లాంటి పెద్ద వాదన ఒక్కదాని మీదే ఆధారపడకుండా మీ బావి లోతు, మీ వాలు కోణం, మీ సెప్టిక్ గొట్టం దూరం కొలిచి రికార్డులో పెట్టండి.

ప్రశ్న: లీకైతే వాసన వస్తుంది కదా?

వంటగ్యాసుకు, ఇళ్లకు వచ్చే పైపు గ్యాసుకు వాసన మనుషులు కలిపినదే. పెద్ద లైన్లలో పోయే గ్యాసుకు చాలాచోట్ల వాసన కలపరు. కాబట్టి ముక్కును నమ్మకండి. నీళ్లున్న చేలో, బోదెలో ఒకే చోట ఆగకుండా బుడగలు రావడం, పచ్చటి చేలో గుండ్రంగా ఒక చోటే పసుపెక్కి ఎండటం, బుస కొట్టిన చప్పుడు, ఎండలో కూడా నేల మీద పొగమంచులా కనిపించడం, ఇవీ గుర్తులు. కనిపిస్తే మోటారు స్విచ్ వేయొద్దు, వేసి ఉంటే ఆపనూ వద్దు. బండి స్టార్టు చేయొద్దు. బీడీ, పొయ్యి వెలిగించొద్దు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి దానికి ఎదురుగా లేదా అడ్డంగా నడిచి దూరం వెళ్లాకే ఫోను తీయండి. గుర్తు రాయి మీద కంపెనీ నంబరు, కిలోమీటరు అంకె ఉంటాయి. ఆ రెండూ ఈరోజే మీ ఫోనులో, ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి. రంగు వెలిసి కనిపించకపోతే కంపెనీకి పంచాయతీ నుంచి లేఖ రాయించి కొత్తగా వేయించండి.